సరమ అడిగిన ప్రశ్న

మా తాతగారి నాటినుంచి కుక్క గడప దాటి ఎరుగని ఇల్లు మాది. పొరపాటున ఏ వీధికుక్కో వచ్చి పంచలో పడుకుంటే, అది లేచిపోయిన తరువాత ఆ చోటును పేడనీళ్ళతో అలికించేది మా అమ్మ. అటువంటి ఇంట పుట్టి, ముప్పై అయిదేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, 2021లో పదవీ విరమణ పొంది తుగ్గలిలో స్థిరపడిన నేను ఇప్పుడు ప్రొద్దున లేవగానే మొట్టమొదట పలకరించేది ఒక కుక్కను. దాని పేరు సరమ. ఈ టపా దాన్ని గురించే. అయితే దాన్ని గురించి చెప్పడం మొదలుపెడితే మరొక కుక్కను గురించి కూడా చెప్పక తప్పదు. ఆ మాట చివరకు దాచుకున్నాను. చెప్పడానికి తేలికైనది కాదు గనుక.

విరమణ పొందిన ఏడు వానాకాలంలో మాకు పాలు పోసే ఆయన సంచిలో ఒక పిల్లను వేసుకొని వచ్చాడు. "ముసలోళ్ళు ఇద్దరే ఉండారు సార్, రాత్రిపూట ఇంటి ముందర అరిచేది ఒకటి ఉండల్ల" అని, నా జవాబు కోసం కాచుకోకుండా దాన్ని అరుగు మీద వదిలి వెళ్ళిపోయాడు. "పందికోనది సార్" అని వీధి మలుపులో నుంచి కేక వేశాడు. ఆ మాటతో నేను కాదనలేనని అతనికి తెలుసు.

మా సీమ వారు కాని మిత్రుల కోసం రెండు మాటలు. పందికోన మా ప్రక్కనున్న పత్తికొండ మండలంలోని పల్లె. ఆ ఊరి పేరే అక్కడి కుక్కల జాతికీ పేరైంది. వేటకూ, గొర్రెల మందకూ, ఇంటి కావలికీ ఈ ప్రాంతంవారు తరతరాలుగా పెంచుకుంటున్నారు. పొట్టి వెంట్రుకలు, బిగువైన ఒళ్ళు, ఎండకూ ఆకలికీ ఓర్చే గుణం. 2005 జనవరిలో మన తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసింది. హిమాలయ గొర్రెలకుక్క, రాంపూర్ వేటకుక్క, ముధోల్ వేటకుక్క, రాజపాళయం. పిల్లలచేత బిళ్ళలు సేకరింపజేసే అలవాటు నాకుండేది గనుక ఆ నాలుగూ తెప్పించి పుస్తకంలో అంటించాను. మా పొరుగునే ఉన్న పందికోన కుక్కకు అందులో చోటు లేదన్న సంగతి అప్పుడు తట్టనే లేదు. ఇది ఇంటికి వచ్చిన మరునాడు తట్టింది. మమకారం పుట్టిన తరువాతనే మనిషికి అన్యాయాలు కనబడతాయి కాబోలు.

పేరు పెట్టే పని నాది. సరమ అన్నాను. పండితుడు గనుక దేవలోకపు కుక్క పేరు పెట్టాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. మా వీధివారు వారం తిరగకుండా దాన్ని 'సారమ్మ'ను చేశారు. సారు ఇంటి కుక్క గనుక సారమ్మ అని వారి వ్యుత్పత్తి. వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి, అయినా ఆ వ్యుత్పత్తిలో దోషం చూపలేకపోయాను. చిక్కు వచ్చిపడింది మా ఆవిడకు. దారిన పోయేవారు "సారమ్మ తినిందా?" అని అడిగితే, ఆ కొత్తలో ఆమె లోపలినుంచి "తిన్నానమ్మా" అని జవాబు చెప్పేది.

ఇక దాని చేష్టలు. మా ఇంటికి వచ్చినవారి చెప్పులలో ఎడమకాలి చెప్పు మాత్రమే తీసుకొని పోయి నా మంచం క్రింద పెడుతుంది. కొరకదు, చింపదు. కుడికాలిది ముట్టదు. వచ్చినవారు వెళ్ళకుండా ఉండడానికి ఒకటి చాలునని దానికి తెలిసినట్టుంది. జొన్నరొట్టె ఎండుది పెట్టినా తింటుంది. అన్నం మాత్రం మజ్జిగ కలపనిదే వాసన చూసి వదిలేస్తుంది. సాయంకాలం నేను భారతం తీసి పద్యం అందుకుంటే గడపకు అడ్డంగా పడుకొని వింటుంది. సీసపద్యం మూడవ పాదానికి నిద్రపోతుంది. ఈ విషయంలో నా పాత విద్యార్థులకూ దానికీ పెద్ద భేదం లేదు. గడప దాటి లోపలికి రావద్దని మా ఆవిడ మొదటిరోజే శాసనం చేసింది. శాసనం ఇప్పటికీ అమలులో ఉంది. కాకపోతే ఉరుములు ఉరిమే రాత్రి ఆమే తలుపు తీసి, "రా తల్లీ" అని వంటింటి మూల గోనెపట్ట పరుస్తుంది. తెల్లవారిన తరువాత ఆ సంగతి మేము ముగ్గురమూ ఎత్తము.

నిఘంటువులు తిరగేస్తే కుక్కకు ఎన్ని పేర్లు! శునకము, శ్వానము, కుక్కురము, భషకము, జాగిలము. సరమ సంతతి గనుక సారమేయము. వీటన్నింటిలో నాకు ఇష్టమైనది కౌలేయకము. కులమంటే ఇక్కడ ఇల్లు, వంశము. ఇంటికి చెందినది గనుక కౌలేయకము. కుక్క అనే అర్థంలో ఈ రూపం సాధించడానికి పాణిని ఒక సూత్రమే చేశాడు. ఇంతటి గౌరవం నిఘంటువులో ఇచ్చి, సామెతలలో మాత్రం మనవాళ్ళు దానికి చెప్పుదెబ్బలే మిగిల్చారు. సుమతీ శతకకారుడు దాన్ని బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టి మరీ తక్కువ చేశాడు. ఆ పద్యం నేనూ వందలమంది పిల్లలకు బట్టీ పట్టించినవాణ్ణే. మా పశ్చిమ ప్రాంతంలో కురువలు కొలిచే మైలారుదేవుని ప్రతిమలలో మాత్రం దేవుడి గుర్రం వెంట కుక్క ఉంటుంది. మందలు కాసేవారికి దాని విలువ తెలుసు. మాకు పుస్తకాలు తెలుసు.

అసలు సంగతికి వస్తాను. ఏటా జులై 6న పశువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులను గుర్తుచేసే దినం జరుపుతారు. జూనోసిస్ దినమంటారు. 1885లో ఆ రోజుననే పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తొలిసారి టీకా వేయించి బ్రతికించాడు. ఆ దినాన మన పశువైద్యశాలలలో కుక్కలకు పిచ్చివ్యాధి రాకుండా ఉచితంగా సూది వేస్తారు. 2024లో ఆ రోజు శనివారం. సరమకు గొలుసు వేసి తీసుకుపోయాను. దారి పొడుగునా నాకొక సంగతి గుర్తుకు వస్తూనే ఉంది. మా మండలంలోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి గుట్టబండల మీద అశోకుని శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దివి. వాటిలో ఒకదానిలో ఆయన మనుషులకూ పశువులకూ రెండు విధాల చికిత్స ఏర్పాటు చేయించానని చెప్పుకున్నాడు. ఇరవై రెండు వందల యేళ్ళకు పైబడి ఆ మాట మా బండల మీద ఉంది. నేను మాత్రం కుక్కను పట్టుకొని వైద్యశాలకు పోవడం అరవై దాటిన తరువాత నేర్చుకున్నాను.

వైద్యశాల ఆవరణలో వేపచెట్టు క్రింద ఇరవైమంది దాకా ఉన్నారు, అన్ని కుక్కలూ ఉన్నాయి. చీటీలు ఇచ్చి కూర్చోమన్నారు. ముందు కుక్కలు ఒకదానినొకటి తిట్టుకున్నాయి. అవి అలసిపోయిన తరువాత మనుషులు మాటలు మొదలుపెట్టారు.

రైల్వేలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి తన కుక్కను గూర్చి చెప్పాడు. ఇల్లు పట్టాల ప్రక్కన. గుంతకల్లు - డోన్ దారిలో ఎన్ని గూడ్సులు పోయినా అది చెవి ఎత్తదట. ప్యాసింజరు వచ్చే వేళకు మాత్రం లేచి స్టేషను దాకా పోయి, దిగినవారినందరినీ ఒకసారి చూసి తిరిగి వస్తుందట. "నా కొడుకు ఆ బండికే దిగుతాండె, ఉద్యోగం రాకముందు" అన్నాడాయన. తరువాత ఇంకేమీ అనలేదు.

ఒక రైతు కుక్కకు బుడ్డల పిచ్చి. వేరుశనగను మేము బుడ్డలంటాము. చేనికి కాపలా పెడితే అదే ముందు దొంగ అయిందట. చెట్టు పెరికి, కాయ పంటితో చిట్లించి, పొట్టు ప్రక్కకు ఊసి, గింజ మాత్రం తింటుందట. "మా యమ్మ కంటే చక్కగా ఒలుస్తాది" అంటే అందరూ నవ్వారు. ఇంకొకాయనది జొన్నగిరి దిక్కు. తొలకరి వానలు పడగానే అక్కడి చేలలో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, మీరు పత్రికలలో చదివే ఉంటారు. ఆ నెలన్నర రోజులూ ఆయన కుక్క కొత్తవారిని చూసి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుందట. ఒకనాడు అది ఎలుక కోసం గట్టున గొయ్యి త్రవ్వుతుంటే, దానికేదో జాడ తెలిసిందని నలుగురు మనుషులు చుట్టూ చేరి మట్టి జల్లెడ పట్టారట. "వజ్రం దొరికిందా?" అని అడిగాను. "ఎలుక కూడా దొరకల్యా సార్, వీళ్ళ సందట్లో" అన్నాడు.

ఒక ముసలావిడ తన కుక్కను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఏ జాతో చెప్పలేము, ఒక కన్ను లేదు. దాని ఘనత ఏమిటమ్మా అని ఎవరో అడిగారు. "ఏమీ ల్యా నాయనా. నేను మాట్లాడితే ఇంటాది" అంది.

విద్యాభ్యాసం చేతనో వయసు చేతనో మనుషుల మాటలు వినడం నాకు అలవాటు. అక్కడ నాకొకటి తోచింది. వీళ్ళలో సగంమంది నాకు తెలిసినవారే. కన్నకొడుకు మొదటి తరగతిలో ఉత్తీర్ణుడైనా "ఏదో పాసయినాడు లే సార్" అనేవారు. కట్టుకున్నదాన్ని నలుగురిలో మెచ్చుకొని ఎరుగరు. నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే. అటువంటివారంతా కుక్క సంగతి వచ్చేసరికి అడ్డూ ఆపూ లేకుండా ప్రేమ మాటలు చెబుతున్నారు. ఇంట చెప్పలేక మిగిలిపోయినదంతా కుక్క పేరు మీద జమ వేసుకుంటున్నట్టు ఉంది. నా వంతు వచ్చింది. ఎడమకాలి చెప్పు సంగతి చెప్పాను. మంచి మెప్పు లభించింది. ఎవరో పేరు అడిగారు. "సరమ. భారతంలో దేవతల కుక్క" అన్నాను.

చెట్టు మొదట నాలుగు కుక్కలను ఒక్క త్రాటితో పట్టుకొని కూర్చున్న గొర్రెలకాపరి తల ఎత్తాడు. అంతవరకూ అతడొక్కడే తన కుక్కలను గురించి ఏమీ చెప్పలేదు. యాభైకి దగ్గరపడిన మనిషి. భుజాన గొంగడి.

"నన్ను గుర్తుపట్టల్యా సార్? ఎనిమిదో తరగతి."

పట్టలేదు. ఊరి పేరు చెప్పాడు. అప్పుడు గుర్తుకు వచ్చాడు.

1988. నాకు ఇరవై ఏడేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఆ పిల్లవాడు దొడ్డినుంచి నేరుగా బడికి వచ్చేవాడు. వాడి వెంట ఒక నల్లకుక్క. అది వరండా మెట్ల దగ్గర కూర్చొని, బడి వదిలేవరకూ కదిలేది కాదు. ఎవరినీ ఏమీ అనేది కాదు. మరునాడు పై అధికారి తనిఖీకి వస్తాడన్న రోజున నేను ఆ తరగతికి ఆదిపర్వ కథ చెబుతున్నాను. జనమేజయుడు యజ్ఞం చేస్తున్నాడు. సరమ కొడుకు సారమేయం ఆడుకుంటూ అక్కడికి వచ్చింది. అది ఏ తప్పూ చేయలేదు. రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. తల్లి రాజును అడగడానికి బయలుదేరింది. సరిగా అంతవరకు వచ్చేసరికి నల్లకుక్క గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. పిల్లలు నవ్వారు. నాకు కోపం వచ్చింది. రేపు అధికారి ముందు ఇదే జరిగితే నా గతి ఏమిటన్న భయమూ వచ్చింది. వెనుక బల్లలో పెద్దపిల్లలు ఇద్దరిని పిలిచి, "దాన్ని తరమండి, మళ్ళీ ఈ ఛాయలకు రాకూడదు" అన్నాను.

వాళ్ళు రాళ్ళు తీసుకున్నారు. తరగతిలో నుంచి నాకు కనబడుతూనే ఉంది. ఆపమనలేదు. కుక్క అరుపు వినబడింది. ఆ అరుపు పిల్లలకు వినబడకుండా నేను గొంతు పెంచాను. ఆ పిల్లవాడు లేచి, నన్ను అడగకుండానే బయటకు పోయాడు. కుక్కను భుజాన వేసుకొని ఆవరణ దాటి పోవడం కిటికీలో నుంచి చూశాను. మరునాడు రాలేదు. మరి రానేలేదు. హాజరు పట్టీలో వాడి పేరుకు ఎదురుగా వరుసగా గైరుహాజరు వేశాను, ఆ తరువాత ఎర్రసిరాతో కొట్టివేశాను. వాడి దొడ్డి బడికి రెండు మైళ్ళు. సైకిలు ఉండేది. ఒక్కసారి పోలేదు.

ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. సరమ అనే పేరు ఎందుకు పెట్టానో ఇప్పుడు మీకు తెలిసింది.

"ఆ కుక్క ఏమైంది?" అని అడిగాను. ముప్పై ఆరేళ్ళుగా అడగవలసిన ప్రశ్న.

"ఎనక కాలు కుంటాయ సార్. ఆరేండ్లు బతికె. కుంటుకుంటానే మంద ఎంబడి తిరిగె." కొంచెం ఆగి, "నాకూ తెలీదు సార్ అప్పుడు, కుక్కను బడికి తోలుకరాకూడదని" అన్నాడు.

తప్పు తన మీద వేసుకున్నాడు. సారమేయం ఏడుస్తూ వస్తే తల్లి కూడా మొదట, నీవే ఏదో చేసి ఉంటావన్నదని మూలభారతంలో ఉంది. బలహీనుడు దెబ్బ తిని వచ్చినా తప్పు ముందు తనవైపునే వెతుక్కుంటాడు. ఈ మాట నేను ఎన్ని తరగతులలో వ్యాఖ్యానించానో! ఆ మనిషి ఎదుట నోట మాట రాలేదు.

"ఆ పొద్దు మీరు కత చెప్తాంటిరి సార్" అన్నాడతను. "ఆ కుక్క తల్లి రాజును అడగను పాయ అంటిరి. అంతవరకే ఇన్యా. తర్వాత ఏమాయ?"

వేపచెట్టు క్రింద మాటలు ఆగాయి. అందరూ నావైపు చూస్తున్నారు. చెప్పాను. సరమ యజ్ఞశాలకు పోయింది. నా కొడుకు ఏమి తప్పు చేశాడని కొట్టారని అడిగింది. తగునో తగదో ఆలోచించకుండా పేదవారికి కీడు చేసేవారికి, ఎక్కడనుంచి వస్తాయో తెలియని భయాలు వస్తాయని చెప్పి మాయమైపోయింది.

"రాజేమన్నాడు సార్?"

"ఏమీ అనలేదు. శాపానికి భయపడి, శాంతి చేయించడానికి మంచి పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోయాడు."

"తప్పాయ అనల్యా?"

"అనలేదు."

"అనింటే సరిపాయుండు" అన్నాడు, త్రాడు ముడి సవరించుకుంటూ. నన్ను ఉద్దేశించి అన్నాడో రాజును ఉద్దేశించి అన్నాడో ముఖం చూస్తే తెలియలేదు.

"తప్పాయ నాయనా" అన్నాను.

పదిమందీ విన్నారు. వాళ్ళకు సంగతి తెలియదు, కథలో మాట అనుకొని ఉంటారు. అతనికి తెలుసు. కొంతసేపు తన కుక్కలలో పెద్దదాని చెవి నిమిరాడు. "ఉండనీ సార్, చిన్నప్పటి మాట" అన్నాడు. లోపలినుంచి అతని చీటీ అంకె పిలిచారు. నాలుగు కుక్కలనూ లేపి, నాకు నమస్కారం చేసి లోపలికి పోయాడు. వెళ్ళేటప్పుడు సరమను ఒకసారి చూసి, "మంచి పిల్ల సార్, గొలుసు కొంచెం వదులు చేయండి" అన్నాడు. చేశాను.

భారతం ఒక కుక్కకు జరిగిన అన్యాయంతో మొదలై, ఒక కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజుతో ముగింపుకు వస్తుంది. మొదటిది నన్నయగారు తెలుగు చేశారు, రెండవది తిక్కనగారు. నడుమనున్న పర్వాలన్నీ దాటితేగాని మొదటి కుక్కనుంచి చివరి కుక్క దగ్గరకు చేరలేమని నా తరగతులలో గొప్పగా చెప్పేవాణ్ణి. నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది, చేరింది వైద్యశాల వేపచెట్టు దాకానే.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె విని, ఏమీ అనక, తలుపు తీసి సరమను లోపలికి పిలిచింది. ఆ రోజు ఉరుములు లేవు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అర్థాలు అడిగారు, అలంకారాలు అడిగారు, పరీక్షకు వస్తుందా అని అడిగారు. రాజేమన్నాడని అడిగిన విద్యార్థి అతనొక్కడే.

మిత్రులారా, మీ ఇళ్ళలోని కౌలేయకాల ముచ్చట్లు మీరూ వ్రాయండి, చదవాలని ఉంది. వాటికి ఏటా టీకా వేయించడం మరువకండి. ఏ కుక్క కరిచినా ఆకుపసరు, మంత్రం అంటూ కూర్చోకుండా, గాయాన్ని ధారగా పడే నీళ్ళతో సబ్బు పెట్టి పావుగంట కడిగి, వెంటనే వైద్యశాలకు పొండి. ఇది పండితుడి మాట కాదు, కుక్కను పెంచుతున్నవాడి మాట.